ఇంటి గుట్టు

"ఇంటి గుట్టు లంకకు చేటు" అని సామెత. ఈ సామెతను మన పెద్దలు మగవాళ్ళకు చెప్పగా నేను విన్నది తక్కువ. మగవాడు రచ్చబండ మీద కూర్చుని ఇంటి సంగతులు ఏకరువు పెడితే అది లోకాభిరామాయణం. ఆడమనిషి పెరటి గోడ దగ్గర నిలబడి అందులో సగం చెబితే లంకాదహనం! సరే, సామెత సంగతి చివరికి వస్తాను. ముందు నవలల సంగతి.

"నవలలు చదివి ఆడపిల్లలు పాడైపోతున్నారు" అనే మాట నేను చిన్నప్పటినుంచీ వింటున్నాను. నాకంటే ముందు మా అమ్మ విన్నది. ఇప్పుడు పుస్తకం స్థానంలో సెల్‌ఫోను వచ్చింది గాని మాట మాత్రం మారలేదు. అయితే ఆ పిల్లలు ఏం చదువుతున్నారు, అందులో వాళ్ళకు ఏం దొరుకుతున్నది అని అడిగినవారు అరుదు. తెలుగు పాఠాలు చెప్పి బతికేదాన్ని గనుక నేనైనా అడగవలసింది. ఇన్నేళ్ళూ అడగలేదు. కిందటి వేసవి సెలవుల్లో ఆ ముచ్చట తీరింది.

జరిగిందేమిటంటే, సెలవులకు ముందు మా విద్యార్థినులలో ఇంగ్లీషు బాగా వచ్చిన అమ్మాయి ఒకతె మూడు నవలలు తెచ్చి నా బల్లమీద పెట్టింది. "ఒక్కసారి పట్టుకుంటే ఇడవరు మేడం" అన్నది. మూడూ సస్పెన్సు నవలలే. మూడూ ఆడవాళ్ళు రాసినవే. అదే వారం ఇంట్లో అటక దులిపిస్తుంటే మా అమ్మ ట్రంకుపెట్టె కిందికి దిగింది. అందులో పట్టుచీర ఒకటి, ఇత్తడి గిన్నెలు రెండు, తక్కినవన్నీ నవలలు! వాటిలోంచి మూడు పైకి తీశాను. యాసంగి కోతలైపోయి, నిజాంసాగర్ కాలువ ఎండి, బాన్సువాడ బజారంతా మధ్యాహ్నం తలుపులు మూసుకునే ఆ నెల రోజులూ పొద్దున ఒక ఇంగ్లీషు నవల, భోజనాలయ్యాక ఒక తెలుగు నవలగా చదువుకున్నాను. చదవబోయే ముందు ఇవి వేరు, అవి వేరు అనుకున్నాను. చదివాక ఆ మాట అనలేకపోతున్నాను.

ట్రంకుపెట్టెలో మూడు

మా అమ్మ తరం ఆడవాళ్ళకు నవల అంటే సీరియలే. వారపత్రిక వచ్చిన రోజున వంట ఆలస్యం. కొందరు ఆ పుటలు చింపి దాచుకుని, కథ పూర్తయ్యాక కుట్టించి అట్ట వేయించుకునేవారు. కొనలేనివాళ్ళకు అద్దె పుస్తకాల కొట్టు వుండనే వుంది. నవలను వారం వారం పంచిపెట్టడం ఆ కాలంలో పుట్టిన వింత కూడా కాదు. వీరేశలింగంగారి "రాజశేఖర చరిత్రము" సయితం 1878లో మొదట ఆయన పత్రిక "వివేకవర్ధని"లోనే వచ్చింది. తెలుగు నవల పుట్టుకతోనే సీరియల్ అన్నమాట.

అద్దె కొట్టులో రెండు అరలు వుండేవి. ఒక దాంట్లో అపరాధ పరిశోధన. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంటు రాజు, టెంపోరావుగారి నవలలు, ఇంకా ఎన్నో చిన్న సైజు పుస్తకాలు. "త్వమేవాహం" రాసిన ఆరుద్రగారంతటి కవి కూడా "పలకల వెండిగ్లాసు" వంటి డిటెక్టివ్ నవల రాశారంటే ఆ అర గిరాకీ ఎంతటిదో వూహించుకోవచ్చు. రెండో దాంట్లో రచయిత్రుల నవలలు: కోడూరి కౌసల్యాదేవి, యద్దనపూడి సులోచనారాణి, రంగనాయకమ్మ, మాదిరెడ్డి సులోచన, లత, ద్వివేదుల విశాలాక్షి. మొదటి అర మగవాళ్ళది, రెండోది ఆడవాళ్ళది అని లోకం అభిప్రాయం. నేను ఎం.ఏ. తెలుగు చదివే రోజుల్లో మాకు ఆ రెండు అరలూ లేవు. ప్రబంధాలు వున్నాయి, వ్యాకరణం వుంది, అలంకారశాస్త్రం వుంది. నవల అంటే నాలుగైదు గొప్ప పేర్లు. తక్కినదంతా కాలక్షేపం అన్నారు; రాసుకున్నాను. ఇన్నేళ్ళూ అదే నమ్మాను.

ఇంతకీ నేను పైకి తీసిన మూడు ఏవంటే, "చక్రభ్రమణం", "సెక్రటరీ", "బలిపీఠం".

కౌసల్యాదేవిగారి "చక్రభ్రమణం" ఆంధ్రప్రభ నవలల పోటీలో మొదటి బహుమతి పొందింది. దాన్నే 1964లో "డాక్టర్ చక్రవర్తి"గా తీశారు. నంది బహుమతులలో తొలి ఉత్తమ చిత్రం అదే. చనిపోయిన చెల్లెల్ని మరొకరి ఇల్లాలిలో చూసుకున్న డాక్టరు, ఆ ఆప్యాయత చూసి ఇంట్లోవాళ్ళకు కలిగిన అనుమానం, ఇదీ కథకు ఇరుసు. ఇక్కడ హత్య లేదు, దొంగతనం లేదు. కాని అనుమానితుడు వున్నాడు, సాక్షులు వున్నారు, పొరపాటున చదివిన సాక్ష్యం వుంది.

సులోచనారాణిగారి "సెక్రటరీ" 1960లలో "జ్యోతి" మాసపత్రికలో సీరియల్‌గా వచ్చి, 1976లో సినిమా అయింది. పేదింటి పిల్ల జయంతి, పెద్ద వ్యాపారస్థుడు రాజశేఖరం దగ్గర సెక్రటరీగా చేరుతుంది. అతని గురించి వూళ్ళో పదిరకాల మాటలు. ఆడవాళ్ళను ఆటబొమ్మలుగా చూస్తాడని ఒకరు, దేవుడని ఒకరు. ఈ మనిషి ఎటువంటివాడు? ఆ అమ్మాయి నవల పొడుగునా వెతికేది ఈ ఒక్క జవాబే. మనం పుట తిప్పేదీ అందుకే. ఆ పొడుగాటి కారు, ఆరడుగుల ఎత్తు, సిల్కు లాల్చీ ఇత్యాదులను చూసి ఇది పగటికల అనుకున్నాను నా చిన్నప్పుడు. ఇప్పుడు చదివితే కారు కనిపించలేదు. ఆ కారు ఎక్కాలా వద్దా అని నిలబడ్డ పిల్ల కనిపించింది.

రంగనాయకమ్మగారి "బలిపీఠం" వేరే దారి. 1966లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ బహుమతి పొందిన నవల ఇది. చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకుని, జబ్బుతో వున్న బ్రాహ్మణ యువతి అరుణను, దళితుడైన ఆదర్శవాది భాస్కర్ జాలితో పెళ్ళాడతాడు. ఆమె చనిపోతుందనుకున్నారు, బతికింది. అక్కడినుంచి అసలు కథ. పెళ్ళిమాటలలో ఎవరూ అడగని ప్రశ్నలన్నీ, కులం దగ్గరనుంచి వంటింటి అలవాట్ల దాకా, ఒక్కొక్కటే బయటికి వస్తాయి. ఇక్కడ దోషి ఒకరని చెప్పలేము. ఒకరినొకరు తెలుసుకోకుండా, తమ కులాహంకారాన్ని తామే గుర్తించకుండా కట్టుకున్న ఇల్లు ఎలా కూలుతుందో రచయిత్రి దయ లేకుండా చూపించారు.

ఈ మూడూ ముగించాక మా అమ్మను ఒక మాట అడిగాను. ఆమె పెట్టెలో యుగంధర్ పుస్తకాలు కూడా నాలుగు వున్నాయి. "అమ్మా, నువ్వు డిటెక్టివులూ చదివినావు, ఇవీ చదివినావు. నీకు ఏవి ఇష్టం?" అని. మా అమ్మకు పదిహేడేళ్ళకు పెండ్లయింది. మా నాన్న ముఖం సరిగా చూసింది పెండ్లి పందిట్లోనే. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూ, తల ఎత్తకుండా జవాబు చెప్పింది.

"రెండూ ఒక్కటే బిడ్డా. దాంట్ల సంపినోడు ఎవడో తెల్వాలె. దీంట్ల బతకనిచ్చేటోడు ఎవడో తెల్వాలె."

ఎం.ఏ.లో నాకు ఎవరూ చెప్పని పాఠం అది.

గడియ బయటివైపు

ఇప్పుడు ఆ అమ్మాయి ఇచ్చిన మూడు ఇంగ్లీషు నవలలు. గుట్టు విప్పను, చదవబోయేవాళ్ళ ఆనందం చెడగొట్టడం పాపం.

మొదటిది జిలియన్ ఫ్లిన్ రాసిన "గాన్ గర్ల్" (2012). అయిదో పెళ్ళిరోజున భార్య మాయమవుతుంది. ఒక అధ్యాయం భర్త చెబుతాడు, ఒక అధ్యాయం భార్య డైరీ చెబుతుంది. ఇద్దరి మాటా నమ్మదగ్గట్టే వుంటుంది. ఇద్దరి మాటా ఒకదానితో ఒకటి పొసగదు. రెండోది పౌలా హాకిన్స్ రాసిన "ది గర్ల్ ఆన్ ది ట్రెయిన్" (2015). భర్త వదిలేసి, తాగుడుకు లోనైన ఒకామె రోజూ రైలు కిటికీలోంచి ఒక ఇంటిని చూస్తుంది. ఆ ఇంటి ఇల్లాలు కనబడకుండా పోతుంది. ఆ రాత్రి తాను అక్కడే వుంది గాని ఏం జరిగిందో జ్ఞాపకం లేదు. తన జ్ఞాపకాన్నే తాను నమ్మలేని మనిషి పరిశోధకురాలైతే ఎలా వుంటుందో ఇందులో చూడవచ్చు. దీన్ని 2021లో పరిణీతి చోప్రాతో హిందీలోనూ తీశారు. మూడోది ఫ్రీడా మెక్‌ఫాడెన్ అనే కలంపేరుతో ఒక వైద్యురాలు రాసిన "ది హౌస్‌మెయిడ్" (2022). జైలు నుంచి వచ్చిన అమ్మాయి ఒక ధనవంతుల ఇంట్లో పనికి కుదురుతుంది. ఆమెకు ఇచ్చిన గది మేడమీద చిన్న కొట్టు. ఆ గది తలుపుకు గడియ బయటివైపే వుంటుంది!

ఆ గడియ దగ్గర నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. మన పాత సీరియల్ నవలలలో ఇటువంటి గడియలు కనబడవు. కాని లేవని అనగలమా? "నలుగురూ ఏమనుకుంటారో" అనే గడియ లేదూ? "పుట్టింటికి తిరిగివస్తే చెల్లెలి పెళ్ళి ఎలా?" అనే గడియ లేదూ? మన రచయిత్రులు ఇనుప గడియ పెట్టలేదు గాని బయటివైపు పెట్టడం మాత్రం మరచిపోలేదు.

నిజానికి ఇంగ్లీషులోనూ ఈ కథ కొత్తది కాదు. విల్కీ కాలిన్స్ రాసిన "ది వుమన్ ఇన్ వైట్" 1859 నుంచి 1860 దాకా, డికెన్స్ నడిపిన వారపత్రికలో సీరియల్‌గానే వచ్చింది. లారా అనే అమ్మాయికి పెళ్ళి కుదురుతుంది. పెళ్ళికొడుకును నమ్మవద్దని సంతకం లేని ఉత్తరం ఒకటి వస్తుంది. అక్క మేరియన్ అతన్ని అడుగుతుంది. అతను తొణకకుండా సంజాయిషీ చెప్పి, కావాలంటే ఫలానా ఆవిడకు ఉత్తరం రాసి కనుక్కోండి అంటాడు. ఉత్తరం రాస్తారు; జవాబు రెండు ముక్కల్లో వస్తుంది; అందరూ తృప్తిపడతారు; పెళ్ళయిపోతుంది. తర్వాత తెలుస్తుంది, ఆ కన్ను ఆమె మీద కాదు, ఆమె పేర వున్న ఇరవైవేల పౌన్ల మీద అని. పెళ్ళయిన స్త్రీ ఆస్తి భర్త చేతికి పోయే కాలం అది. ఇంగ్లండులో ఆ చట్టం మారడం 1870లో మొదలై 1882లో గాని ఒక కొలిక్కి రాలేదు. అంటే ఆ నవల చదివి వారం వారం గుండెలు బాదుకున్న ఆడవాళ్ళకు అది వుట్టి భయం కాదు; ఇంటి దస్తావేజుల్లో వున్న భయం.

1938లో డాఫ్నే దు మోరియే "రెబెకా" రాసింది. హిచ్‌కాక్ 1940లో దాన్ని సినిమాగా తీశాడు. 1964లో వచ్చిన వహీదా రెహమాన్ "కోహ్రా" దాని ఆధారంగా తీసిందే. అనాథ అయిన ఒక అమ్మాయి, భార్య చనిపోయిన ఒక పెద్ద ఆసామిని పెళ్ళాడి అతని బంగళాకు వస్తుంది. ఇల్లంతా మొదటి భార్య వస్తువులే, ఆమె పేరే. మొదటి భార్య పేరు పుస్తకానికే పెట్టారు. కథ చెప్పే రెండో ఆమె పేరు మాత్రం చివరిదాకా మనకు తెలియదు! దీన్ని చదివినప్పుడల్లా నాకు పి. సత్యవతిగారి "ఇల్లలకగానే" కథ జ్ఞాపకం వస్తుంది. ఇల్లు శుభ్రం చేసుకుంటూ చేసుకుంటూ తన పేరు మరచిపోయిన ఇల్లాలు, ఆ పేరు కోసం వెతుక్కుంటూ బయలుదేరుతుంది. అందులో డిటెక్టివూ ఆమే, పోయిన సొత్తూ ఆమెదే. అపరాధ పరిశోధన అంటే ఇంతకంటే ఏం కావాలి?

దోషాలు లేకపోలేదు

ఇంత మెచ్చుకున్నాక లోపాలు చెప్పకపోతే విమర్శకురాలిగా నా వుద్యోగం పోతుంది. ఈ కొత్త సస్పెన్సు నవలలలో మలుపు కోసం మలుపు పెట్టడం విపరీతమైంది. ప్రతి అధ్యాయం చివరా ఒక బాంబు. ఆ బాంబు పేలాక వెనక్కి తిరిగి చూస్తే మనుషులు కనబడరు, పొగే కనబడుతుంది. ముఖ్యంగా "హౌస్‌మెయిడ్" రెండు పూటలలో చదివించింది. మూడోనాటికి ఆ గది తప్ప నాకు ఏమీ మిగలలేదు. "గాన్ గర్ల్" అలా కాదు. అందులో భార్యాభర్తలు ఒకరి ముందు ఒకరు వేసిన వేషాల గురించి రచయిత్రికి నిజంగా చెప్పవలసింది వుంది.

మన పాత నవలలకు వాటి జబ్బు వాటికుంది. అపార్థం ఒక్క మాటతో తీరిపోయేది; ఆ మాట అనకుండా యిరవై వారాలు నడిపిస్తారు. కథానాయిక చెబుదామని నోరు తెరుస్తుంది, ఇంతలో ఫోను మోగుతుంది. చివరికి ఆ ఆరడుగుల మనిషి మంచివాడే అవుతాడు. పరిశోధన అంతా పెళ్ళిపీటల దగ్గర ముగిసిపోతుంది. పీటల తర్వాత ఏమిటన్న ప్రశ్న వేసినవాళ్ళు తక్కువ. వేస్తే ఏమయిందో కూడా చూశాం. మొగుడి పెత్తనాన్ని కాదని నడిచిపోయే ఇల్లాలి కథ, రంగనాయకమ్మగారి "జానకి విముక్తి", వారపత్రికలో సీరియల్‌గా మొదలై మధ్యలోనే ఆగిపోయింది. తర్వాత పుస్తకంగా పూర్తయి ఇప్పటికీ చదవబడుతున్నది. ఓల్గాగారి "స్వేచ్ఛ" 1987లో వచ్చేసరికి, ప్రేమించి చేసుకున్న మంచివాడి ఇంట్లో కూడా ఆడమనిషికి వూపిరాడకపోవచ్చునని బాహాటంగా చెప్పడం సాధ్యమైంది. హంతకుడు ఎవరూ లేని నవల అది. అయినా చదువుతున్నంతసేపూ నాకు గుండె దడ తగ్గలేదు.

శనివారం ముచ్చట

సెలవులయ్యాక కళాశాల తెరిచారు. శనివారం సాయంత్రం క్లాసులు కాగానే పదిమంది అమ్మాయిలను కూర్చోబెట్టుకుని ఒక్కొక్క వారం ఒక నవల కథ చెప్పడం మొదలుపెట్టాను. ఇది నా కల్పన కాదు. మాలతీ చందూర్‌గారు "పాత కెరటాలు" శీర్షికలో ఇంగ్లీషు నవలల కథలు ఇలాగే తెలుగు ఆడవాళ్ళకు ఏళ్ళ తరబడి చెప్పారు. బీర్కూరు, వర్ని, పిట్లం వైపునుంచి బస్సుల్లో వచ్చే పిల్లలు వీళ్ళు. ఆఖరి బస్సు తప్పిపోతుందని గడియారం చూస్తూనే కూర్చుంటారు. అయినా కథ సగంలో లేచిన పిల్ల ఒక్కతె లేదు.

"రెబెకా" కథ సగం చెప్పి, వచ్చే శనివారం తక్కినది అన్నాను. బి.ఏ. ఆఖరి సంవత్సరం చదివే అమ్మాయి ఒకతె వెనకాల కూర్చుంటుంది, ఎప్పుడూ మాట్లాడదు. ఆ రోజు లేచి నిలబడింది.

"మేడం, ఆయన మొదటి పెండ్లాం ఎట్ల సచ్చిపోయిందని ఈమె పెండ్లికి ముందు ఆయన్ను ఎందుకు అడగలే?"

"భయం" అన్నాను. "తల్లీ తండ్రీ లేరు. డబ్బు లేదు. అడిగితే పెళ్ళి తప్పిపోతుందేమోనని."

"మాకు తల్లిదండ్రులున్నరు గద మేడం. మేము గూడ అడగం" అన్నది.

క్లాసు నిశ్శబ్దమైపోయింది. నాకు తర్వాత తెలిసింది, ఆ పిల్లకు అప్పుడే సంబంధం చూస్తున్నారని. అబ్బాయి దుబాయిలో పని చేస్తాడు. మా ప్రాంతాల్లో గల్ఫుకు పోయినవాళ్ళు లేని వూరు అరుదు. నెల రోజుల సెలవు మీద వస్తారు. ఆ నెలలోనే పిల్లను చూడటం, నిశ్చయం, లగ్గం, తిరుగు ప్రయాణం అన్నీ అయిపోవాలి. మన పెద్దవాళ్ళు విచారణ చేయరని కాదు. చేస్తారు. ఆ విచారణ యుగంధర్ చేసినంత గట్టిగానూ చేస్తారు. కాని దేని గురించి? ఎన్ని ఎకరాలు, జీతం ఎంత, ఆడబిడ్డలు ఎందరు, అప్పులు ఏమైనా వున్నాయా. మనిషి ఎటువంటివాడు అన్న ప్రశ్న ఆ జాబితాలో చివరన వుంటుంది. దానికి జవాబు కూడా అందరికీ ఒక్కటే: "పిలగాడు బంగారం!"

తర్వాతి శనివారం "రెబెకా" పూర్తి చేసి, ఆ పై వారం "వుమన్ ఇన్ వైట్" చెప్పాను. మేరియన్ ఉత్తరం రాయించి తృప్తిపడిన ఘట్టం దగ్గర ఆ పిల్ల తనలో తాను అనుకున్నట్టుగా "ఉత్తరం గాదు, మనిషిని పంపాలె" అన్నది.

ఆ తర్వాత ఏం జరిగిందో ఆమె నాకు పరీక్షల తర్వాత చెప్పింది. ఫోనులో ఆ అబ్బాయిని తానే అడిగిందట: "మీకు ఇంతకు ముందు ఏమన్న సంబంధం అయ్యిందా?" అవతల కాసేపు మాట లేదు. తర్వాత చెప్పాడు. రెండేళ్ళ కింద ఒక పిల్లతో నిశ్చయమై, కట్నం బాకీ దగ్గర పెద్దల మధ్య మాటా మాటా పెరిగి తప్పిపోయిందని. తాను ఆ రోజు తండ్రికి ఎదురు చెప్పలేకపోయానని కూడా చెప్పాడు. ఈమె అంతటితో వూరుకోలేదు. మేనమామను బతిమాలి ఆ పిల్ల వూరికే పంపింది. ఆ పిల్ల తల్లి చెప్పిన కథా అదే. "తండ్రి మాటకు తలవంచిండు గని పిలగాడు చెడ్డోడు గాడు" అన్నదట. ఇంట్లో పెద్ద గొడవ. "మనమే పోయి మన పరువు తీసుకుంటమా" అని తండ్రి రెండు రోజులు అన్నం తినలేదు.

చివరికి పెళ్ళి ఆ అబ్బాయితోనే అయింది. కట్నం మాట పెళ్ళికి ముందే నలుగురిలో తేల్చుకున్నారు. నేను లగ్గానికి వెళ్ళాను. అక్షింతలు వేస్తుంటే నా చెవిలో అన్నది: "ఇద్దరి నోట ఒక్కటే కథ వచ్చింది మేడం. అడిగి చేసుకుంటున్న."

ఈ కథ సుఖాంతమని నేను అనను. అది ఇప్పుడే చెప్పగలిగేది కాదు. అడిగినంత మాత్రాన మంచి మొగుడు దొరుకుతాడనీ అనను. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో పెళ్ళయిన ఆడవాళ్ళలో సుమారు పదింట ముగ్గురు భర్త చేతిలో హింసకు గురైనవాళ్ళే. వాళ్ళందరూ అడగలేదని ఎవరు అనగలరు? కట్నం నిషేధ చట్టం 1961 నాటిది; గృహహింస చట్టం 2005 నాటిది. చట్టం వచ్చింది. గడియ మాత్రం ఇంకా చాలా ఇళ్ళలో బయటివైపే వుంది. అయితే ఒక మాట చెప్పగలను. నోరు విప్పని పిల్ల ఒకతె నోరు విప్పింది. ఏ ప్రశ్న అడగాలో, జవాబును ఎలా సరిచూసుకోవాలో ఆమె నేర్చుకున్నది మనం కాలక్షేపమని తీసిపారేసిన అరలోంచే.

మళ్ళీ సామెత

ఇప్పుడు మొదట చెప్పిన సామెత. ఇంటి గుట్టు లంకకు చేటు. నిజమే. విభీషణుడు గుట్టు విప్పాడు, లంక కూలింది. ఈ సామెతను వేల మందికి చెప్పినవాళ్ళు ఒక్క సంగతి మాత్రం మరచిపోయారు. ఆ లంకలో అశోకవనంలో ఒకామె వుంది. గుట్టు దాగితే లంకకు మేలు; సీతకు?

సస్పెన్సు నవల అయినా, రచయిత్రుల నవల అయినా, తనకు చేతనైనంతలో అడిగేది ఆ రెండో ప్రశ్న. బాగా అడిగినవి నాలుగు కాలాలు నిలుస్తాయి. బాంబులు మాత్రమే పేల్చినవి అద్దె కొట్టుతోపాటే పోతాయి. అంచేత మీ ఇంట్లో పిల్ల అన్నం చల్లారిపోతున్నా పట్టించుకోకుండా నవలలో తల దూర్చి కూర్చుంటే, దయచేసి కసరకండి. పక్కన కూర్చుని, "ఇంతకీ వాడు మంచివాడేనా?" అని అడిగి చూడండి.

మా అమ్మ అలాగే అడుగుతుంది. ఇప్పుడు ఆమెకు కంటిచూపు తగ్గింది. రాత్రి భోజనాలయ్యాక నేను ఆ ఇంగ్లీషు నవలలను తెలుగు చేసి కథగా చెబుతున్నాను. నిన్న "హౌస్‌మెయిడ్"లో మేడమీది గది దగ్గర ఆపాను. ఆమె మంచం మీద లేచి కూర్చుని, "గడియ బయటికి ఎవడు పెట్టించిండో ముందు అది చెప్పు, అప్పుడు పండుకుంట" అన్నది.